ఊపిరి తీసుకోని సిస్టర్ జెమీమా

తొమ్మిదో భాగం

ఇంతవరకూ కథ తెలిసినవారు ఒక్క నిమిషం ఓపిక పట్టాలి. ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవారికి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

పాల్వంచ బస్టాండు వెనక, ఫొటోలు తీసే దుకాణం మీది గదిలో షాలేమ్‌రాజు క్రైస్తవ గీతాల సీడీలు తయారుచేస్తాడు. మూడేళ్ల కిందట, 2006లో, మొదటి సీడీకి పాడాల్సిన ఖమ్మం అమ్మాయి చెప్పిన రోజున రాలేదు. బాణీ మరిచిపోకూడదని, హైదరాబాదులో స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న ఒక సాఫ్ట్‌వేర్‌తో అతడు ఆ పాటను కంప్యూటర్ చేత పాడించి పెట్టుకున్నాడు. మాటలు టైపు చేసి, స్వరాలు గీసి ఇస్తే చాలు, అది ఆడగొంతుతో పాడుతుంది. సరిగ్గా అప్పుడే పాస్టర్ ప్రభాకర్ గారు మెట్లెక్కి వచ్చారు. పాట విని కళ్లు తుడుచుకున్నారు. ఈ సిస్టర్ ఎవరని అడిగారు. మిషన్ అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట రావాల్సిన చోట షాలేమ్‌రాజు నోట జెమీమా అన్న పేరు వచ్చింది.

అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలంటారు. అతికించడానికి అతడు ఇంకా చాలా ఆడాడు. జెమీమా బొంబాయి అవతల ఎక్కడో కుష్ఠురోగుల మధ్య సేవ చేస్తుందన్నాడు. మనుషుల మెప్పు వద్దని మొక్కుబడి చేసుకుందన్నాడు. సీడీ అట్ట మీద తెల్లచీర కట్టి ముసుగు వేసుకున్న స్త్రీని వెనకనుంచి చూపించాడు. ఇంగ్లీషు పాటల కోసం చేసిన గొంతు కాబట్టి దానికి 'ళ' పలకదు, 'ణ' పలకదు. జనం దానికీ మురిసిపోయారు. తెలుగు రాని బిడ్డ దేవుని కోసం తెలుగు నేర్చుకుని పాడుతోందన్నారు. మూడో సీడీ వచ్చేసరికి ఆటోల్లో, సెల్‌ఫోన్ల మెమరీ కార్డుల్లో, మిరప కోతల దగ్గర, అడవి లోపలి చిన్న చిన్న ప్రార్థనా మందిరాల్లో జెమీమా గొంతు వినపడని రోజు లేదు.

కిందటి వారం మనం ఆగింది శనివారం పొద్దున తొమ్మిది గంటల దగ్గర. షాలేమ్‌రాజు భద్రాచలంలో జరిగే క్రైస్తవ సభలకు, అంటే కన్వెన్షన్‌కు బయల్దేరబోతుంటే, ఒక తల్లీ కూతురూ మెట్లెక్కి వచ్చారు. కూతురు నోరు మెదపకుండా ఒక నోటుబుక్కు తెరిచి అతని ముందు పెట్టింది. అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది.

'అన్నా, జెమీమా అక్క ఊపిరి యాడ తీస్కుంటది?'

ఆ వాక్యాన్ని షాలేమ్‌రాజు మూడుసార్లు చదివాడు. అక్షరాలు గుండ్రంగా, బడిలో చూచిరాత రాసినట్టు ఉన్నాయి. తలెత్తితే ఎదురుగా ఇరవై ఏళ్ల పిల్ల. మెడ చుట్టూ పల్చటి తువ్వాలు, ఒంటి మీద ఇంకా గంజి విరగని కొత్త తెల్లచీర. జవాబు కోసం అతని పెదవులకేసి చూస్తోంది.

మాట్లాడింది తల్లి. ఆమె పేరు విశ్రాంతమ్మ, కూతురు పేరు తబితా. కారేపల్లి దాటి లోపలికి, అడవి అంచున వాళ్ల ఊరు. తెల్లవారకముందే రైలెక్కి కొత్తగూడెంలో దిగి, అక్కడినుంచి బస్సు పట్టుకుని వచ్చారు. తల్లి కూలికి పోతుంది. పిల్ల అంగన్‌వాడీలో ఆయా. ఊరి మందిరంలో పాటలు ఎత్తుకునేది కూడా ఆ పిల్లేనట. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పెళ్లికీ చావుకీ తబితా పాట లేకుండా ప్రార్థన మొదలయ్యేది కాదట. జెమీమా పాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. మూడో సీడీలో 'వాగు దాటించిన వాడా' అన్న పాట ఒక్కటే లొంగలేదు.

ఎక్కడ లొంగలేదో తల్లి చెప్పనక్కర్లేదు. షాలేమ్‌రాజుకు తెలుసు. రెండో చరణంలో 'నా వేలు విడువని వాడా' అన్న దగ్గర మొదలైన రాగం కిందికి దిగి, మళ్లీ పైకి లేచి, ఎక్కడా తెగకుండా పల్లవిలో కలుస్తుంది. నలభై రెండు సెకన్లు. అది గీసిన రోజు అతనికి బాగా గుర్తుంది. మధ్యలో ఊపిరి పెట్టుకునే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. పెట్టి చూశాడు. పాము బుసలా వినపడింది. తీసేశాడు. తీసేశాక వింటే తనకే ఒళ్లు పులకరించింది. మనిషి వల్ల అయ్యేదేనా అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. కాదని తెలిసే, అదే గొప్ప అనుకున్నాడు.

తబితా ఆ చరణం కోసం నాలుగు నెలలు సాధన చేసిందని విశ్రాంతమ్మ చెప్పింది. వాగులో మునిగి దమ్ము పట్టేదట. చెల్క పొలం గట్టు మీద నిలబడి, గొంతు బొంగురు పోయినా, మిరియాలు నమిలి మళ్లీ ఎత్తుకునేదట. నెల కిందట ఒక సాయంత్రం, చరణం చివరిదాకా వచ్చి ఇంకో రెండు మాటలు పాడితే అందుతుందనగా, గొంతులో గుడ్డ చినిగినట్టు చప్పుడైంది. ఆ తర్వాత గాలే తప్ప మాట రాలేదు. ఊళ్లో సూదులు వేయించారు. తగ్గకపోతే ఖమ్మంలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు.

"ముక్కులకెల్లి సన్న పైపు వెట్టి చూసిండు సారూ. లోపల రక్తం గడ్డ కట్టిందట. రెండు నెలలు మాట్లాడొద్దన్నడు. గుసగుస గూడ వద్దన్నడు. మల్ల పాట వస్తదా అంటే, చూద్దాం అన్నడు."

అందుకే పిల్ల చేతిలో నోటుబుక్కు. అది పాటల పుస్తకమే. ముందు వైపునుంచి పాటలు రాసుకుంది. ఇప్పుడు వెనక వైపునుంచి మాటలు రాస్తోంది.

షాలేమ్‌రాజు నిజం చెప్పాల్సిన చోటు అదే. అతడు చెప్పలేదు. మూడేళ్ల అలవాటు నోటిని దానంతట అదే నడిపించింది. జెమీమా సిస్టర్‌ది పుట్టుకతో వచ్చిన గొంతనీ, అది దేవుడు కొందరికే ఇచ్చే వరమనీ, దాన్ని చూసి మామూలు మనుషులు ఒళ్లు పాడుచేసుకోకూడదనీ నెమ్మదిగా, పెద్దమనిషిలా చెప్పాడు. ఆ మాటలు తన చెవికే ఎంతో సొంపుగా వినపడ్డాయి. విశ్రాంతమ్మ తలూపింది. కూతురి వీపు మీద చెయ్యి వేసి, నేను చెప్పలే బిడ్డా, అది వరం, మనకు రాసి లేదు అంది.

తబితా మాత్రం నోటుబుక్కు దగ్గరికి లాక్కుంది. ఈసారి చాలాసేపు రాసింది. రాస్తుంటే చెవులు ఎర్రబడ్డాయి. తల్లికి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాయడం అయ్యాక పుస్తకాన్ని అతని వైపు తిప్పి, మొహం పక్కకు పెట్టుకుంది.

'అన్నా, వరం నాకు గూడ ఇచ్చిండు. నేనే పోగొట్టుకున్న. మా మందిరంల ఇరవై ఏండ్లకెల్లి పుల్లమ్మ పెద్దమ్మ పాటలు ఎత్తుకునేది. జెమీమా అక్క పాటలు వచ్చినంక అందరు పెద్దమ్మను వద్దన్నరు. ఒకసారి ఆమె పాట నడుమ ఆగి ఊపిరి తీస్కుంటే నేను నవ్విన. అందరి ముందల నవ్విన. నన్ను చూసి పిల్లలంత నవ్విండ్రు. పెద్దమ్మ ఆ దినం కెల్లి మందిరంకు వస్తలేదు. అందుకే దేవుడు నా ఊపిరి ఆపిండు. మా ఊరోళ్లు గూడ అదే అంటున్నరు. పెద్దమ్మ కాళ్లు పట్టుకున్న. ఆమె క్షమించింది. దేవుడు క్షమించలే. జెమీమా అక్క పరిశుద్ధురాలు కదా. ఆమెకు ఫోన్ చేసి నా కోసం ప్రార్థన చెయ్యమను అన్నా. నేను ఆమె గొంతు చల్లగుండాలని దినాం ప్రార్థన చేస్త.'

చదవడం పూర్తయ్యాక అతడు పుస్తకం మూయలేకపోయాడు. ఎదురుగా పిల్ల తల వంచుకుని, తువ్వాలు అంచును వేలికి చుట్టుకుంటోంది. ఆ తల వంపు అతనికి బాగా తెలుసు. పరీక్ష తప్పినవాళ్లూ, ఇంట్లో దొంగతనం చేసి పట్టుబడినవాళ్లూ అట్లా నిలబడతారు. నిజానికి అట్లా నిలబడాల్సింది తను. తను మోయాల్సిన మూట ఈ పిల్ల నెత్తిన పెట్టి, పైగా జాగ్రత్తగా మొయ్యమ్మా అని బుద్ధి చెప్పినట్టయింది. అరగంట ముందు అద్దంలో చూసుకుని దువ్వుకున్న తల, కన్వెన్షన్ కోసం వేసుకున్న ఇస్త్రీ చొక్కా, జేబులో పెట్టుకున్న సెంటు రుమాలు, అన్నీ ఒక్కసారిగా అతనికి తనవి కానట్టు అనిపించాయి. గొంతు సవరించుకోబోయి, ఆ పిల్ల ముందు గొంతు సవరించుకోవడానికి కూడా సిగ్గుపడి ఆగిపోయాడు.

లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఇటు రా చెల్లె," అన్నాడు. "జెమీమా అక్కను చూపిస్త."

తబితా మొహం విప్పారింది. ఫొటో చూపిస్తాడనుకుంది కాబోలు. చీర కొంగు సర్దుకుని వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. వెనకే విశ్రాంతమ్మ, చెప్పులు గుమ్మం బయట విడిచి, దేవుని గదిలోకి వస్తున్నట్టు ఒదిగి ఒదిగి వచ్చింది.

తెర మీద పాట తెరుచుకుంది. మనిషి లేదు. గళ్ల కాగితం మీద అడ్డంగా పేర్చిన పచ్చటి పుల్లల్లాంటి గీతలు ఉన్నాయి. ఒక్కో పుల్ల మీద ఒక్కో అక్షరం. షాలేమ్‌రాజు వేలితో చూపిస్తూ చెప్పాడు. ఇది నా, ఇది వే, ఇది లు. ఈ పుల్ల పైకి జరిపితే స్వరం పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది, పొడుగు లాగితే రాగం సాగుతుంది. అట్లా చెప్తూనే బటన్ నొక్కాడు. స్పీకర్లలోంచి జెమీమా పాడింది. వాద్యాలు లేవు. ఒట్టి గొంతు. 'నా వేలు విడువని వాడా.'

తబితా అతని వైపూ తెర వైపూ చూసింది. ఇంకా అర్థం కాలేదు. రికార్డు చేసిన పాట ఇట్లా కనపడుతుందేమో అనుకుంది. అది గమనించి షాలేమ్‌రాజు చివరి అక్షరం దగ్గరికి వెళ్లాడు. 'డా' అన్న పుల్లను పట్టుకుని కుడివైపుకు లాగాడు. ఇంకా లాగాడు. తెర అంచు దాటేదాకా లాగి, మళ్లీ బటన్ నొక్కాడు.

గొంతు ఎత్తుకుంది. నలభై రెండు సెకన్లు దాటింది. ఆగలేదు. నిమిషం దాటింది. సన్నగా, తీయగా, ఒకే తీరున, అలుపూ సొలుపూ లేకుండా గదిని నింపుతూ పోతోంది. విశ్రాంతమ్మ రెండడుగులు వెనక్కి వేసి తలుపు పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది. తబితా మొదట్లో తనకు తెలియకుండానే ఆ రాగంతో పాటు దమ్ము బిగబట్టింది. ఆమె మెడ నరాలు ఉబ్బడం షాలేమ్‌రాజు చూశాడు. ముప్పావు నిమిషానికి ఆమెకు ఊపిరి తెగింది. నోరు తెరిచి గాలి పీల్చుకుంది. గొంతు పోతూనే ఉంది. మళ్లీ పీల్చుకుంది. గొంతు పోతూనే ఉంది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి తువ్వాలు మీదికి పోయింది.

"ఆపన్నా."

ఆ మాట తబితా అన్నది. మాట కాదది, రాతి మీద రేకు గీరిన చప్పుడు. ముప్పై రోజులుగా దాచుకున్న మాటను దాని మీద ఖర్చు పెట్టింది. షాలేమ్‌రాజు బటన్ నొక్కాడు. గది నిశ్శబ్దమైంది. విశ్రాంతమ్మ పరుగున వచ్చి కూతురి నోటి మీద అరచెయ్యి పెట్టి, మాట్లాడకు బిడ్డా, మాట్లాడకు అని వేడుకుంది.

తర్వాత ఆమే, కూతురి తల తన భుజానికి ఆనించుకుని, అతణ్ని అడిగింది.

"అంటే మనిషి లేదా సారూ?"

"లేదమ్మా."

"బొంబాయి?"

"నేనే చెప్పిన. లేదు."

"కుష్ఠురోగులు?"

అతడు తల అడ్డంగా ఊపాడు. ఒక్కొక్కటిగా అడుగుతుంటే ఒక్కొక్కటిగా ఒప్పుకోవడం, ఒకేసారి చెప్పేయడం కన్నా వెయ్యి రెట్లు కష్టమని అతనికి అప్పుడు తెలిసింది. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అతడు ఎదురుచూశాడు. ఆమె మొహంలో కోపం కన్నా ముందు వచ్చింది సిగ్గు. ఊరి ఆడవాళ్లందరి ముందు జెమీమా గురించి తను గొప్పగా చెప్పుకున్న మాటలు గుర్తొచ్చాయేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా బిడ్డ పాపం చేసిందన్నరు సారూ," అంది చివరికి. "మందిరంల ముందల కూసోనిస్తలేరు. నీళ్లకు పోతే పక్కకు జరుగుతున్నరు. నేను గూడ అన్న. దేవుడు ఊకెనే చెయ్యడు, నువ్వేదో చేసినవ్ అని నేను గూడ అన్న. కన్నతల్లిని." కూతురి తల నిమిరింది. "ఇప్పుడు నాకు చెప్తే ఏం ఫాయిదా? నా బిడ్డను అన్నోళ్ల ముందల చెప్పు. ఇయ్యాల మా ఊరోళ్లంత వ్యాన్ కట్టుకొని భద్రాచలం వస్తున్నరు. పొద్దుగూకే యాల్లకు వస్తరు. వాళ్లు వినేటట్టు మైకుల చెప్పు."

చెప్తానన్నాడు. అంతమాత్రాన తన పని అయిపోయిందనుకున్నాడు కూడా. సాయంత్రం సభలో, పాస్టర్ గారితో ముందే మాట్లాడి, నెమ్మదిగా, నొప్పించకుండా ఎట్లా చెప్పాలో మనసులో మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు తబితా తన సంచిలోంచి ఒక కరపత్రం తీసి అతని ఒళ్లో పెట్టింది.

కన్వెన్షన్ కరపత్రమే. కింద షాలేమ్‌రాజు పేరు న్యాయనిర్ణేతగా ఉంది. పాటల పోటీకి రమ్మని పాస్టర్ గారు ఫోన్ చేస్తే సరేనన్నాడు తప్ప, ఏం పోటీయో అతడు అడగలేదు. ఇప్పుడు చదివాడు. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకు. పాట 'వాగు దాటించిన వాడా'. రెండో చరణం సిస్టర్ జెమీమా పాడినట్టే ఒకే దమ్ములో, ఎక్కడా ఆపకుండా పాడినవారికి బహుమతి.

కరపత్రం అంచున తబితా పెన్నుతో రాసింది.

'మా ఊరి పిల్లలు నలుగురు పొద్దుగాలనే పోయిండ్రు. నేనే నేర్పించిన.'

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది.

భద్రాచలం బస్సులో ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. పిల్ల కిటికీ పక్క, తల్లి మధ్యలో, షాలేమ్‌రాజు అంచున సగం బయటికి. పాస్టర్ గారికి ఐదుసార్లు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. అడవి దాటుతున్నంతసేపూ సిగ్నల్ లేదు. కండక్టరు ఎవరో కుర్రాళ్లతో మాట్లాడుతూ నవ్వుతుంటే తనను చూసే నవ్వుతున్నాడనిపించింది. దారిలో ఒక ఊరి దగ్గర బస్సు ఆగినప్పుడు, బడ్డీకొట్లో జెమీమా పాట వినపడింది. ముగ్గురిలో ఎవరూ అటు చూడలేదు. తబితా కళ్లు మూసుకుంది. ఆ పిల్ల నిద్ర నటిస్తోందని తెలిసి, తను కూడా కళ్లు మూసుకుందామనుకున్నాడు షాలేమ్‌రాజు. ఆ హక్కు కూడా లేదనిపించి, ముందు సీటు వెనక రాసి ఉన్న పిచ్చి రాతలు చదువుతూ కూర్చున్నాడు.

గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది.

ఊరి చివర మైదానంలో పెద్ద షామియానా. లోపల రెండు వేల మందికి తక్కువ లేరు. వ్యాన్లలో, ట్రాక్టర్లలో, కాలినడకన అడవి ఊళ్లనుంచి వచ్చినవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. మైకులో ఒక ఆడపిల్ల గొంతు వస్తోంది. పల్లవి పాడుతోంది. తల్లీకూతుళ్లను ముందు వరస పక్కన నిలబెట్టి, షాలేమ్‌రాజు వేదిక వెనక్కి పరుగెత్తాడు.

ప్రభాకర్ గారు గుడ్డ కట్టిన చిన్న గదిలో పోటీ పేర్ల జాబితా చూసుకుంటున్నారు. ముప్పై ఏళ్లుగా అడవి దారుల్లో సైకిలు తొక్కి, ఊరూరా మందిరం కట్టించిన మనిషి. షాలేమ్‌రాజును పెంచి, మొదటి హార్మోనియం కొనిచ్చింది ఆయనే. అతడు వచ్చీరాగానే పోటీ ఆపమన్నాడు. ఎందుకో చెప్పాడు. తబితా గొంతు గురించి చెప్పాడు, తర్వాత జెమీమా గురించి చెప్పాడు. చెప్తున్నప్పుడు ఆయన మొహంలోకి చూడలేక, ఆయన చెప్పులకేసి చూస్తూ చెప్పాడు.

ప్రభాకర్ గారు జాబితా మడిచి బైబిల్లో పెట్టుకున్నారు.

"నాకు తెలుసు షాలేమూ," అన్నారు.

షాలేమ్‌రాజు తలెత్తాడు.

"సగం తెలుసు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు ఆమె దగ్గింది లేదు, ఒక్క ఉత్తరం ముక్క లేదు. నేను ముసలోణ్నే గాని పిచ్చోణ్ని కాదు. నిన్ను అడగలే. అడిగితే చెప్తవని భయపడ్డ." ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఆ పాటలు వచ్చినంకనే జనం మల్ల మందిరాలకు వచ్చిండ్రు. నేను మొత్తం జీవితంల తేలేనోళ్లను ఆమె తెచ్చింది. ఎట్ల అడగమంటవ్?"

ఒకరి సిగ్గును ఒకరు చూస్తూ ఇద్దరూ నిలబడ్డారు. అంతలో షామియానాలో అలజడి మొదలైంది. ముందు చిన్నగా, తర్వాత గాలివాన వచ్చే ముందు ఆకుల్లా. ప్రభాకర్ గారు గుడ్డ పక్కకు తీసి చూశారు. షాలేమ్‌రాజు ఆయన భుజం మీదుగా చూశాడు.

ముందు వరస పక్కన తబితా చుట్టూ ఆడవాళ్లు మూగుతున్నారు. తెల్లచీర. ఎండకు తల మీదికి లాక్కున్న కొంగు. జెమీమా పాటల షాలేమ్‌రాజు వెంట వచ్చిన, ఎవరు పలకరించినా నోరు తెరవని పిల్ల. వాళ్ల ఊరి వ్యాన్ ఇంకా రాలేదు, పోటీ పిల్లలు వేదిక పక్కన ఉన్నారు, ఆమెను గుర్తుపట్టేవాళ్లు అక్కడ లేరు. ఎవరు ముందు అన్నారో తెలియదు గానీ, ఆ పేరు వరసనుంచి వరసకు పాకిపోయింది. జెమీమా సిస్టర్ వచ్చింది. మన మధ్యకు వచ్చింది. ఒక ముసలమ్మ వంగి ఆమె పాదాలు ముట్టుకుంది. ఇంకొకామె తన జ్వరపు పిల్లవాణ్ని ఎత్తి, ఆమె చేతిని లాగి వాడి నుదుటి మీద పెట్టుకుంది. తబితా కాదన్నట్టు తల ఊపుతోంది. అది వినయం అనుకుని వాళ్లు ఇంకా ఏడుస్తున్నారు.

"చూడు షాలేమూ," అన్నారు ప్రభాకర్ గారు, చాలా మెల్లగా. "వాళ్లే తేల్చుకున్నరు. ఆ బిడ్డ ఎట్లాగూ మాట్లాడలేదు."

ఆ పిల్లనే జెమీమా అనుకోనివ్వమంటున్నారాయన. షాలేమ్‌రాజు గుడ్డ తోసుకుని వేదిక మీదికి ఎక్కాడు. అక్కడ పదమూడేళ్ల పిల్ల ఒకతి, ఈ గోల తనకు పట్టనట్టు, కళ్లు మూసుకుని రెండో చరణంలో ఉంది. మెడ నరాలు ఉబ్బి, మొహం కంది, రెండు చేతులా మైకును బిగించి పట్టుకుని రాగం లాగుతోంది. అతడు ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాడు. పిల్ల రాగం మధ్యలో తెగి, దీర్ఘంగా గాలి పీల్చుకుని, ఏడుపు మొహం పెట్టింది. ఓడిపోయాననుకుంది.

"పోటీ ఆపుతున్నం," అన్నాడు మైకులో. "ఎవరు పాడొద్దు. ఎందుకో చెప్త. జెమీమా సిస్టర్ గురించి చెప్త."

రెండు వేల మంది ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. ఆ పేరు వినగానే చాలామంది మోకాళ్ల మీదికి వచ్చారు. తబితా అతని వైపు చూస్తోంది. చెప్పు అన్నట్టు గడ్డం కొంచెం పైకెత్తింది. షాలేమ్‌రాజు మైకును నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

ఆ నిశ్శబ్దంలో, తబితా పాదాలు ముట్టుకున్న ముసలమ్మ విశ్రాంతమ్మ వైపు తిరిగింది. వయసు మళ్లిన, వణికే గొంతు. అయినా షామియానా చివరిదాకా వినపడింది.

"తల్లీ, ఈ జెమీమా బిడ్డను కన్నతల్లివి నువ్వేనా?"

విశ్రాంతమ్మ కూతురి వైపు చూసింది. ఆ పిల్ల పాదాల దగ్గర వంగిన తలలను చూసింది. నీళ్ల దగ్గర పక్కకు జరిగిన ఆడవాళ్లలాంటి ఆడవాళ్లే వీళ్లంతా. ఇప్పుడు ఒకరి మీద ఒకరు పడి దగ్గరికి జరుగుతున్నారు. వేదిక మీద మైకు పట్టుకుని నిలబడ్డ షాలేమ్‌రాజు వైపు మాత్రం ఆమె చూడలేదు.

"అవ్," అంది విశ్రాంతమ్మ. "నేనే."